అమ్మతో యానాం దాకా

"రేపు యానాం వెళ్ళాలి, తోడు రా" అంది అమ్మ, నాన్న కోసం గంజి కలుపుతూ.

నాన్నను ఆసుపత్రి నుంచి కొవ్వూరులో ఇంటికి తెచ్చి అప్పటికి వారం దాటింది. రాజమండ్రిలో డాక్టరు నన్ను గది బయటకు పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండమ్మా. ఆయన ఏం అడిగితే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థమేంటో మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. నేను నిడదవోలు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు పెట్టి, మా ఆయన్ని కూడా లాక్కొచ్చి అమ్మ దగ్గరే ఉంటున్నాను. నాన్నను వదిలి అమ్మ వీధి గుమ్మం దిగడం లేదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి యానాం అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండిందంటే, విషయం నాకు అర్థమైపోయిందనుకున్నాను. అమ్మ మా లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. అక్కడ ఎవరో ఒకావిడ, యానాంలో ఫలానా ఆయన తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే ఎలాంటి జబ్బయినా పోతుందని ఎక్కించి ఉంటుంది. నూనె సీసా ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు. ఇంత చదువుకున్న కూతుర్ని పక్కన పెట్టుకుని అమ్మ ఆ సీసా కోసం బయల్దేరుతోంది. ఇదీ నా లెక్క.

"ఎందుకమ్మా ఇప్పుడు యానాం?"

"పనుంది."

"పోనీ కారు మాట్లాడతాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం."

"పాసింజర్లో వెళ్దాం" అంది.

అమ్మ రెండు ముక్కల్లో మాట్లాడిందంటే మూడో ముక్క రాదు. నాన్నకు మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మా ఆయనకు నాలుగుసార్లు అప్పజెప్పి, పొద్దున్నే ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. అమ్మ చేతిలో గుడ్డ సంచి. అందులో బైబిలు, పాటల పుస్తకం, నిమ్మకాయ పులిహోర డబ్బా, తువ్వాలు. అమ్మ ఊరు దాటితే ఆ నాలుగూ ఉండాల్సిందే.

కాకినాడ పాసింజరు సంగతి ఎక్కినవాళ్ళకు తెలుస్తుంది. దానికి టికెట్టు ధర తక్కువ, అభిమానం అసలే లేదు. వెనకనుంచి ఏ ఎక్స్‌ప్రెస్ వచ్చినా పక్కకు తప్పుకుని నిలబడుతుంది. బ్రిడ్జి దాటి రాజమండ్రి చేరేసరికే నా ఓపిక సగం అయిపోయింది. కడియంలో పూలబుట్టలతో ఆడవాళ్ళు ఎక్కి, మా కాళ్ళ మధ్య బుట్టలు సర్దేసి, మమ్మల్నే కాస్త అటు జరగమన్నారు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. అమ్మ కిటికీలోంచి చేలు చూస్తోంది.

ద్వారపూడిలో ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే కూలబడ్డాడంటే సరిగ్గా ఉంటుంది. పొద్దున్నే గుప్పుమని వాసన. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఇక అతని పని అయిపోయిందనుకున్నాను. మందు వాసన తగిలితే అమ్మ ఊరుకునే మనిషి కాదు. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, చివరికి మా స్కూలు వార్షికోత్సవంలో కూడా ముక్కూ మొహం తెలియని మగవాళ్ళను పట్టుకుని, "ఏం బాబూ, నీకు పెళ్ళాం పిల్లలు లేరా?" అని మొదలుపెట్టి వాళ్ళు తలదించుకునేదాకా వదిలేది కాదు. నేను సిగ్గుతో చచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అమ్మ ముందుకు వంగడం చూసి కళ్ళు మూసుకున్నాను.

"ఏం బాబూ, బ్రాందీలో మంచిది అంటే ఏ పేరు చెప్పి అడగాలి?"

నా చెవులు నేనే నమ్మలేదు. అతనూ నమ్మినట్టు లేదు. మత్తు దిగిపోయి నిటారుగా కూర్చున్నాడు.

"నాకు తెలీదండి. నేను మానేశానండి" అన్నాడు.

"నిన్నేమీ అనను బాబూ. చెప్పు. నాకు నిజంగా తెలీదు."

"ఎవరికండీ?"

"మా ఆయనకు."

అతను నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. పూలబుట్టల ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. చివరికి గొంతు బాగా తగ్గించి ఒక పేరు చెప్పాడు. అమ్మ ఆ పేరును పాటకు పల్లవి నేర్చుకున్నట్టు రెండుసార్లు పైకే అనుకుంది. అనపర్తిలో రైలు ఆగగానే అతను లేచి, ఒక దణ్ణం పెట్టి, దిగి వెళ్ళి వేరే పెట్టెలో ఎక్కడం కిటికీలోంచి చూశాను.

"అమ్మా! నీకేమన్నా మతిపోయిందా?"

"మీ నాన్న అడిగారు" అంది అమ్మ. "ఆయన ఏం అడిగితే అది పెట్టమన్నాడుగా డాక్టరు. ఏం తింటారండీ అని అడిగాను. నవ్వి, ఒక్క గ్లాసు మంచి బ్రాందీ ఇప్పించవే అన్నారు."

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. లేకపోతే నేనెందుకు అలా నోరు తెరుచుకుని కూర్చుండిపోయానో తెలియదు.

మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరు గారు అడుగుతారు. ఎవరూ ఏమీ అనరు. అది ఆచారం. అమ్మానాన్నల ప్రకటన రెండోసారి చదివినప్పుడు మాత్రం ఒకరు లేచి నిలబడ్డారట. ఆడవాళ్ళ వైపు నుంచి, సాక్షాత్తు పెళ్ళికూతురే. "నాకుందండి అభ్యంతరం. ఆయన తాగుతారని విన్నాను" అందట. అమ్మ తండ్రి, మా తాతయ్య, ఆ చర్చిలోనే ఉపదేశి, పాస్టరు గారి తర్వాత అంతటివాడు. ఆయనకు అక్కడే చెమటలు పట్టాయట. మూడో ఆదివారం నాన్న తనంతట తానే సంఘం ముందుకు వచ్చి, జీవితంలో మళ్ళీ ముట్టనని అందరి ఎదుటా ప్రమాణం చేశాడు. అప్పుడు చదివారు మూడో ప్రకటన.

ఈ కథ మా చర్చిలో తెలియని వాళ్ళు లేరు. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా, క్వైర్‌లో పాడేవాడు, నలుగురినీ నవ్వించేవాడు. కానీ ఆయన పేరు నిలిచింది ప్రమాణం వల్లే. ఏటా యువజనుల కూటాల్లో ఆయన చేత సాక్ష్యం చెప్పించేవారు. "నా భార్య నన్ను మనిషిని చేసింది" అని మొదలుపెట్టేవాడు. అమ్మ ముందు వరసలో కూర్చునేది. నేను పక్కన కూర్చుని గర్వంతో ఉబ్బిపోయేదాన్ని. తాగి కొట్టే తండ్రులున్న పిల్లలు నన్ను చూసి అసూయపడేవారు. అలాంటి నాన్న బ్రాందీ అడిగాడా? అమ్మ తేవడానికి బయల్దేరిందా?

"మందుల మత్తులో ఏదో అని ఉంటాడమ్మా. దానికి నువ్వు..."

"మత్తులో అనలేదు."

"అయితే కొవ్వూరులోనే దొరుకుతుందిగా. మా ఆయన్ని పంపితే సరిపోయేది."

"మన షాపుల్లో ఇప్పుడు దొరికేవాటి పేర్లు ఎవరూ విన్నవి కావంట. పోయే మనిషికి అలాంటిది పోస్తామా? మంచిది అడిగారు, మంచిదే ఇద్దాం."

పోయే మనిషి అన్న మాట అమ్మ నోట అదే మొదటిసారి విన్నాను. డాక్టరు మాట అమ్మకు చేరవేశానే గానీ, దాని అర్థం నాలోనే దాచుకున్నాననుకున్నాను. అమ్మకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. ఇంక నేనేమీ వాదించలేకపోయాను.

కాకినాడలో దిగి యానాం బస్సెక్కాం. యానాం మా గోదావరి జిల్లాల మధ్యలోనే ఉంటుంది గానీ మాది కాదు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పాండిచ్చేరి కిందకు వస్తుంది. తాళ్ళరేవు, ఇంజరం దాటాక రోడ్డు మీద ఒక చెక్‌పోస్టు. అక్కడితో ఆంధ్రా అయిపోతుంది. అటు ఉన్న కొబ్బరిచెట్లే ఇటూ ఉంటాయి, అటు మాట్లాడే మాటే ఇటూ మాట్లాడతారు. బళ్ళ నంబర్లు మారతాయి, మందు మారుతుంది. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపలేదు. ఎదురుగా వచ్చే బస్సును మాత్రం పక్కకు ఆపించి సంచులు దింపిస్తున్నారు. ఆ రోజుల్లో యానాం నుంచి ఒక్క సీసా తెచ్చినా పట్టుకునేవారు. అది చూశాక నాకు భయమేసింది. గవర్నమెంటు స్కూలు టీచర్ని. రేపు పేపర్లో బొమ్మ వేస్తే ఇంకేమన్నా ఉందా?

"అమ్మా, వద్దు. తిరిగి వెళ్ళిపోదాం."

అమ్మ వినిపించుకోలేదు. బస్టాండు దాకా కూడా రానివ్వకుండా, మధ్యలోనే కండక్టర్ని ఆపమని దిగింది. దిగి ఎవర్నీ దారి అడగలేదు. కుడివైపు సందులోకి తిరిగింది, రెండో మలుపులో ఎడమకు తిరిగింది. నేను వెనక పడుతూ లేస్తూ నడుస్తున్నాను. అమ్మకు యానాంలో చుట్టాలు లేరు. మేమెప్పుడూ అక్కడికి వెళ్ళింది లేదు. మరి ఈ సందులు ఎలా తెలుసో అర్థం కాలేదు.

ఒక డాబా ముందు అమ్మ ఆగింది. కింద షాపు, ఇనప చువ్వల కిటికీ, దాని ముందు పదిమంది మగవాళ్ళు.

"ఇక్కడ పెంకుటిల్లు ఉండేది" అంది అమ్మ. "పడగొట్టేశారు."

"నీకెలా తెలుసు?"

అమ్మ సంచి నా చేతిలో పెట్టి రోడ్డు దాటింది. ఆ దృశ్యం నేను చచ్చేదాకా మర్చిపోను. లేత రంగు నేత చీర, నున్నగా దువ్వి వేసిన ముడి, చర్చికి వేసుకెళ్ళే చెప్పులు. మా చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటు గారు తిన్నగా వెళ్ళి బ్రాందీ షాపు వరసలో చివర నిలబడ్డారు. నేను రోడ్డుకు ఇవతల బైబిలున్న సంచి పట్టుకుని రాయిలా నిలబడిపోయాను. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురావాలనిపించింది.

ముందున్నవాడు వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. కొడుకునో మొగుణ్ణో వెతుక్కుంటూ వచ్చిన ముసలావిడ అనుకున్నట్టున్నారు, ఇద్దరు ముగ్గురు మెల్లగా జారుకున్నారు కూడా.

"ఎవరి కోసం అమ్మగారూ?" అని అడిగాడు ఒకాయన.

"ఎవరి కోసమూ కాదు బాబూ, బ్రాందీ కోసం."

"ఆయ్! జరగండ్రా, పెద్దావిడకి దారివ్వండి" అని అతను అందర్నీ పక్కకు నెట్టాడు. అమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళి రైల్లో నేర్చుకున్న పేరు చెప్పింది. షాపతను సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. అమ్మ అందరికీ థాంక్సండి చెప్పి, రోడ్డు దాటి వచ్చి, సీసాను తువ్వాల్లో పెట్టి సంచిలో సర్దింది. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. అమ్మ మాత్రం నీడ చూసుకుని కూర్చుని పులిహోర డబ్బా మూత తీసింది. నేను ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాను.

తిరుగు బస్సులో నేను ప్లాను వేసుకున్నాను. చెక్‌పోస్టు దగ్గర నేనే మాట్లాడాలి. నోరు విప్పొద్దని అమ్మకు చెప్పాను. ఎవరైనా అడిగితే మందులు, టిఫిను అంటాను. పైన బైబిలు పెట్టాను. పెట్టాక ఆ పని ఎంత సిగ్గుమాలినదో అర్థమై మళ్ళీ పక్కకు తీశాను. అమ్మే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బస్సు ఆగింది. ఒక లేడీ కానిస్టేబులు, ఇంకో మగ కానిస్టేబులు ఎక్కారు. మా వెనక సీట్లో లుంగీ కట్టుకున్న ఆయన్ని "ఏం తెచ్చావ్?" అంటే, "ఏం లేదండి బాబూ, ఒట్టండి" అన్నాడు. లుంగీ మడతలోంచి రెండు సీసాలు తీశారు. లేడీ కానిస్టేబులు మా దగ్గరకు వచ్చింది. మా పదో తరగతి పిల్లలకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే.

"మామ్మగారూ, సంచిలో ఏమున్నాయండి?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది. "పాటల పుస్తకం, పులిహోర డబ్బా, ఒక బ్రాందీ సీసా ఉన్నాయమ్మా."

నా ఉద్యోగం, పరువు, నాన్న గ్లాసు, అన్నీ అయిపోయాయనుకున్నాను. ఆ అమ్మాయి అమ్మ మొహంలోకి చూసింది, ఒళ్ళో ఉన్న బైబిలు చూసింది. పకపకా నవ్వింది.

"భలే జోకులేస్తారండి ఈ మామ్మగారు" అని నాతో అని, సంచి ముట్టుకోకుండానే ముందుకు వెళ్ళిపోయింది.

"అది కాదమ్మా, నిజంగానే..." అని అమ్మ లేవబోతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. కింద నిలబెట్టిన లుంగీ ఆయన మాత్రం మా కిటికీ కేసి అరుస్తూనే ఉన్నాడు. "ఉందన్నావిణ్ణి వదిలేసి, లేదన్నవాణ్ణి దింపుతారేంటండి! ఇదెక్కడి న్యాయమండి!" బస్సు కదిలాక ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. కాకినాడ దాకా ఆగని నవ్వు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల తన మాట నమ్మలేదని బాధపడింది.

సాయంత్రం పాసింజరులో జనం పల్చగా ఉన్నారు. మాకు ఒక మూల కిటికీ దొరికింది. సామర్లకోట దాటాక అడిగాను.

"ఆ షాపు నీకెలా తెలుసమ్మా?"

"ఇదివరకొకసారి వచ్చాను. ఈ పాసింజర్లోనే. నువ్వు కడుపులో ఉన్నావప్పుడు."

నాకేమీ అర్థం కాలేదు. అమ్మ కిటికీలోంచి చూస్తూ చెప్పుకుంటూ పోయింది. నాన్న ప్రతి నెలా ఆఫీసు పని మీద కాకినాడ క్యాంపు వెళ్ళేవాడు. క్యాంపు నుంచి వచ్చిన రోజు యాలకులు నములుతూ వచ్చేవాడు. మిగతా నెలంతా యాలకుల జోలికే పోడు. కొత్తగా పెళ్ళయిన అమ్మకు అది ముల్లులా గుచ్చుకుంది. ఒక క్యాంపు రోజున తెలిసినావిడ ఇంటికి వెళ్తున్నానని చెప్పి, ఆయన ముందు పెట్టెలో ఎక్కితే తను వెనక పెట్టెలో ఎక్కింది. ఆయన యానాం బస్సెక్కితే తను తర్వాత బస్సెక్కింది. ఆ రోజుల్లో యానాంలో మందు షాపు ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించేవారట. ఎదురుగా సైకిలు షాపు పందిరి కింద నిలబడి చూసింది.

"పెంకుటింటి అరుగు మీద బెంచీ ఉండేది. దాని మీద కూర్చున్నారు. ఒక్కటే గ్లాసు. తొందర లేకుండా రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తూ తాగారు. మధ్యలో క్వైరు పాట కూనిరాగం తీస్తున్నారు. నా దగ్గర ఆయన అంత నిమ్మళంగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదే."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆయన కంటే ముందు రైలుకి వచ్చి వంట చేశాను. యాలకులు నములుతూ వచ్చారు. అన్నం పెట్టాను."

"అంటే ఆ తర్వాత మానేశాడా?"

"రిటైరయ్యేదాకా ప్రతి నెలా వెళ్ళారు."

రైలు ఎక్కడో ఆగింది. ఏ స్టేషనో చూడలేదు. నా బాల్యం కింద నుంచి ఎవరో పునాది లాగేసినట్టయింది. ఏటేటా ఆ కూటాలు, ఆ సాక్ష్యాలు, నా గర్వం! నాకు నాన్న మీద కంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"తెలిసి కూడా ముందు వరసలో కూర్చుని ఆమెన్ అనేదానివా?"

"ఆయన చెప్పింది నిజమని అనలేదు. నిజం కావాలని అన్నాను."

"ఒక్క మాట అడగొచ్చుగా! బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళను కడిగేస్తావు. కట్టుకున్నవాణ్ణి అడగలేకపోయావా?"

అమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "వాళ్ళను కడిగింది కూడా ఆయన్ని అడగలేకేనే" అంది. "సంఘమంతటి ముందు ఆయన్ని నిలబెట్టింది నేను. నేనే పడగొట్టనా? అడిగితే ఆయన మళ్ళీ ప్రమాణం చేసేవారు. మళ్ళీ తప్పేవారు. నాకు చెప్పలేక ఇంకా దూరం పోయేవారు."

"మరి ఇప్పుడెందుకమ్మా ఇదంతా?"

"మొన్న నన్నే అడిగారుగా. ఇన్నేళ్ళలో నన్ను అడగటం అదే మొదటిసారి. నవ్వులాటకో, నిజంగానో. దొంగచాటుగా కాకుండా ఒక్కసారి నా ఎదురుగా తాగాలి. అంతే. ఆయన అలా దాచుకుని వెళ్ళిపోతే నేను ఉండలేను."

అప్పుడు నాకు సీసా కంటే పెద్ద భయం పట్టుకుంది. నాన్న శరీరంలో మిగిలింది ఎముకలే. ఇన్నేళ్ళ రహస్యం బయటపడితే ఆ సిగ్గుకే ప్రాణం పోతుందేమో. "షాపు సంగతి మాత్రం చెప్పకమ్మా. సీసా ఇచ్చి ఊరుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. అమ్మ అవుననలేదు, కాదనలేదు. రాజమండ్రి దాటి బ్రిడ్జి మీదకు వచ్చేసరికి సంచి మీద చెయ్యేసుకుని కునుకు తీస్తోంది.

ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. నాన్న ముందు గదిలో మడతమంచం మీద, రెండు తలగడలకు ఆనుకుని ఉన్నాడు. మా ఆయన తలుపు తీసి నా మొహం చూసి, ఏమైందని కళ్ళతోనే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"యానాంలో ఏం పనే నీకు?" అన్నాడు నాన్న, గొంతు పీలగా. నవ్వించబోయాడు. "ఎవరికి సంబంధం చూశావు?"

అమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చింది. స్టూలు జరిపి మంచం పక్కన వేసింది. దాని మీద స్టీలు గ్లాసు, నీళ్ళ చెంబు పెట్టింది. కాగితం విప్పి సీసా పెట్టింది.

నాన్న నవ్వు ఆగిపోయింది. "ఇదేంటే?"

"మీరడిగారుగా."

"తమాషాకన్నాను. ఎవరు తెచ్చారు, అల్లుడా?"

"నేనే."

"నువ్వా?" నాన్న నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. "ఎక్కడ నుంచి?"

అమ్మ సీసా మూత తిప్పడానికి అవస్థ పడుతోంది. చెప్పొద్దు, చెప్పొద్దు అని లోపల మొత్తుకుంటున్నాను.

"మీ షాపు నుంచే" అంది. "ఆ పెంకుటిల్లు పడగొట్టి డాబా వేశారండి. అరుగూ లేదు, బెంచీ లేదు. ఇప్పుడు నిలబడి తాగాల్సిందే."

నాన్న అమ్మ మొహం చూస్తూ ఉండిపోయాడు. ఆసుపత్రిలో రిపోర్టులు వచ్చిన రోజు కూడా ఆయన మొహం అలా పాలిపోలేదు. కాసేపటికి, "ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

అమ్మ నా వైపు గడ్డం చూపించింది. "ఇది పుట్టకముందు నుంచి."

నాన్న కళ్ళ మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను ముందుకు వెళ్ళబోతే అమ్మ ఆగమన్నట్టు చూసింది. మూత వచ్చింది. గ్లాసులో కొంచెం పోసింది. వాసనకు మొహం చిట్లించుకుంది, అయినా పోసింది.

"నీళ్ళెన్ని కలపాలండీ?"

అమ్మ మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగితే, చెయ్యి తియ్యకుండానే "సగం" అన్నాడు.

అమ్మ సగం కలిపింది. ఆయన తల కింద చెయ్యేసి లేపి, గ్లాసు ఆయన చేతికే ఇచ్చింది. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నోటి దాకా తీసుకువెళ్ళి ఆగిపోయాడు.

"నువ్వు కాస్త అటు తిరగవే" అన్నాడు.

"తిరగను" అంది అమ్మ. "ఇన్నేళ్ళూ అటే తిరిగి కూర్చున్నాను."

నాన్న కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. అమ్మ వాటిని తుడవలేదు, చూపు మాత్రం తిప్పలేదు. ఆయన తాగాడు. గొంతు దిగేది తక్కువ కాబట్టి గుటక గుటకకూ ఆగి, అమ్మ మొహంలోకి చూస్తూ తాగాడు. ఖాళీ గ్లాసు అమ్మ అందుకుంది. కొంగుతో ఆయన మూతి తుడిచింది.

"ఇంకొంచెం పొయ్యమంటారా?" అని అడిగింది.